ఆగమం ఎరుగని అమ్మవారి తరఫున దేవాదాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

ఆదాయం లేని చిన్న గుళ్లకు నిత్యపూజ ఖర్చు ఇచ్చే ధూప దీప నైవేద్య పథకంలో మా గ్రామదేవత ఆలయాన్ని చేర్చమని మేము పెట్టుకున్న అర్జీలు తమ దాకా వచ్చి ఉండకపోవచ్చు. నెలకు ఇచ్చే 5,000 రూపాయలను 10,000 చేస్తున్నామని 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఊరంతా సంబరపడ్డామని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పెరిగింది మాకు రాని సొమ్మే కదా!

అర్జీ తిప్పి పంపడానికి కింది కార్యాలయం వారు చెప్పిన కారణం ఒక్కటే: పూజారికి ఆగమ పరీక్ష, అంటే గుడి పూజావిధులు చెప్పే శాస్త్రంలో పరీక్ష, ఉత్తీర్ణతా పత్రం లేదట. అయ్యా, సప్తమాతృకల రాతిపలక ఉన్న ఆ పాత గుడిలో తరతరాలుగా పూజ చేస్తున్నది కుమ్మరి కుటుంబం. జాతరకు వారే మన్ను తొక్కి, ఘటం చేసి, ఆవంలో కాల్చి, పసుపు కుంకుమలు అలది, వేపమండలు కట్టి తలకెత్తుకుంటారు. అమ్మవారి పాటలు పాడే ఆసాది వచ్చి ఆమె పుట్టుక కథ పాడనిదే ఆ ఘటం గడప దాటదు. చద్ది నైవేద్యం అయిన తరువాతే పోతురాజు దగ్గర మొక్కులు మొదలవుతాయి. ఈ వరుసలో ఏది తప్పినా నిలదీసే ముసలమ్మలు ఊరిలో ఉన్నారు గానీ, పాపం, వారికి పత్రాలిచ్చే అధికారం లేదు. ఇందులో దేనికి ఏ ఆగమం నుంచి ప్రశ్నలు అడుగుతారో ఆ కార్యాలయం వారే సెలవిస్తే మా పూజారి ఈ వయసులో కూర్చుని చదువుకుంటాడు.

1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను తీసివేసింది, 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది, 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత ఊరట దొరికింది. ఆ ఊరట శాస్త్రం చదివిన ఇళ్ల దగ్గరే ఆగిపోవాలా?

మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మకు ప్రభుత్వం పట్టువస్త్రాలు సమర్పిస్తుంటే మేమూ చేతులెత్తి మొక్కుతాము. మా అమ్మవారు పట్టు అడగడం లేదు, దీపంలోకి నూనె అడుగుతున్నది. ఆ నూనె ఇంతవరకు పూజారి కూలి డబ్బులతోనే వస్తున్నది. ఘటం చేయడం నేర్చిన అతని కొడుకు ఇటుక బట్టీ పనికి వలస పోయాడు, ఆ ఇంట మరొకరికి ఆ పని రాదు.

పత్రం నిబంధన సడలిస్తారో, ఊరి వారి మాటనే సాక్ష్యంగా తీసుకుంటారో తమ చిత్తం. ఏదైనా సరే, ఉగాది తరువాత వచ్చే జాతరకు ముందే చేయండి. అది కూడా కుదరకపోతే, ఈ ఏడు ఘటం ఎవరెత్తాలో ఉత్తర్వు అయినా ఇప్పించండి.

ఇట్లు,
జాతర జరుపుకునే గ్రామస్థుల తరఫున ఒక భక్తుడు