రేపు మన అదితి పుట్టినరోజు

అందరికీ నమస్కారమండీ. రేపు మార్చి 29, మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ పుట్టినరోజు. శుభాకాంక్షలతో పాటు ఒక్కో జ్ఞాపకం కూడా రాత్రి తొమ్మిదిలోపు ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి పొద్దున్నే ఆమె పేజీకి పంపిస్తాను.

ముందు నాది. 2021 ఆగస్టు 7, శనివారం, టోక్యో ఒలింపిక్స్ చివరి రౌండ్. సత్యనారాయణపురంలో మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ గోల్ఫ్ చూసిందే లేదు. మధ్యలో వాతావరణం బాగోక ఆట ఆపేస్తే, అమ్మ వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. చివరి హోల్ సమయానికి పెనం మీద పెసరట్టు వదిలేసి, అట్లకాడ చేత్తో పట్టుకునే టీవీ ముందు నిలబడింది. అదితి కొట్టిన ఆ పట్ (బంతిని హోల్‌లోకి, అంటే గుంతలోకి, దొర్లించే దెబ్బ) కాస్తలో తప్పిపోయింది. ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానం. అట్టు మాడిన వాసన వస్తున్నా ఎవరం కదల్లేదు. "వాళ్లమ్మ ఎలా తట్టుకుందో" అంది అమ్మ. అక్కడ అదితికి కేడీగా, అంటే ఆటలో సహాయకురాలిగా, బ్యాగు మోసింది వాళ్లమ్మగారే మరి. అంతకుముందు రియో ఒలింపిక్స్‌లో అయితే నాన్నగారు.

2016లో అదితి మహిళల ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలవడం చూసినవాళ్లుంటే తప్పకుండా రాయండి. అప్పటికి తనకు 18 ఏళ్లే! టైపింగ్ కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, నేను రాసుకుంటాను.