అమ్మ మోకాలి ఆపరేషన్ గురించి

ఆక్స్‌ఫర్డ్

అమ్మకి, నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం బాగున్నాం. పాపకి జలుబు తగ్గి మళ్ళీ బడికి వెళ్తోంది.

అమ్మా, ఫోన్‌లో నీ మోకాలి విషయం ఎత్తితే చాలు, "సరేలే, నీకేది మంచిదనిపిస్తే అదే" అని మాట మార్చేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. నాన్న చేత కూడా చదివించు.

సంక్రాంతికి వీడియోలో వాకిట్లో ముగ్గు చూపించావు. చూడగానే అది నీ చెయ్యి కాదని తెలిసిపోయింది. పక్కింటి అమ్మాయి వేసిందన్నావు. ఆస్పత్రిలో రోజూ ఎంతోమంది మోకాళ్ళు వంచి, చాపించి, నడిపించే పని నాది. మా అమ్మ గొంతుకు కూర్చోలేకపోతోందన్న సంగతి మాత్రం ఆ ముగ్గు చెప్పేదాకా తెలియలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

తమ్ముడు పంపిన ఎక్స్‌రేలు రెండూ చూశాను. మొదట వెళ్ళిన ఆస్పత్రిలో నిన్ను బల్ల మీద పడుకోబెట్టి తీశారు. పడుకున్నప్పుడు మోకాలి మీద బరువు పడదు. అరిగిపోయిన చోట కూడా ఎముకల మధ్య ఖాళీ ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ ఒక్క ఫొటో చూసి రెండు కాళ్ళకీ ఒకేసారి టోటల్, అంటే మోకాలి కీలు మొత్తం మార్చే ఆపరేషన్, చేసేద్దామన్నారంటే నాకు కోపమొచ్చింది. విజయవాడలో చూసిన రెండో డాక్టరుగారు నిన్ను నిలబెట్టి తీయించారు. అసలు సంగతి అందులోనే తెలిసింది. కుడి మోకాలి లోపలివైపు ఎముకకి ఎముక ఆనుకుపోయింది. బయటివైపు ఖాళీ బాగానే ఉంది. ఎడమ కాలు ఇంకా అంతదాకా రాలేదు.

అందరూ గుజ్జు అరిగిపోయిందంటారు కదా, అది మోకాలంతటా ఒకేలా అరగదు. మోకాలిలో మూడు భాగాలుంటాయి. లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, చిప్ప వెనక ఒకటి. చాలామందికి ముందు లోపలివైపే అరుగుతుంది. కాలు దొడ్డికాలులా వంగేది అందుకే. పార్షియల్ అంటే ఆ అరిగిన వైపు మాత్రమే లోహపు తొడుగులు వేసి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడతారు. లోపలి లిగమెంట్లు, అంటే ఎముకల్ని పట్టి ఉంచే పట్టీలు, మిగతా రెండు భాగాలు నీవే ఉంటాయి. టోటల్‌లో రెండు ఎముకల చివరలూ చెక్కి మొత్తం తొడుగు వేస్తారు. మోకాలి నడుమ ముందున్న లిగమెంట్‌ని సాధారణంగా తీసేస్తారు.

మేముండే ఊళ్ళోనే ఆ పార్షియల్ రకాల్లో బాగా పేరున్నది పుట్టింది. జాన్ గుడ్‌ఫెలో అనే సర్జన్, జాన్ ఓకానర్ అనే ఇంజనీరు 1970లలో ఇక్కడ కలిసి తయారుచేశారు. మధ్యలోని ప్లాస్టిక్ ముక్క కాలితోపాటు కదిలేలా పెట్టారు. దాన్ని ఆక్స్‌ఫర్డ్ మోకాలనే అంటారు. నాన్నకి ఇది తప్పకుండా చెప్పు. "బేరింగ్ అరిగితే మిల్లంతా మారుస్తామా" అని ఆయన అడిగారట కదా, ఆ ప్లాస్టిక్ ముక్కని డాక్టర్లు బేరింగ్ అనే పిలుస్తారు.

అయితే నాన్న మాట సగమే నిజం. ఇది బాగా ఆలోచించాల్సిన చోటు. మార్చని భాగాలు నీ సొంతవి కాబట్టి అవి తర్వాత అరగవచ్చు. పాతికేళ్ళ లెక్క చూస్తే, టోటల్ చేయించుకున్న వందమందిలో దాదాపు 82 మందికి ఆ కీలు అలాగే పనిచేస్తోంది. పార్షియల్‌లో దాదాపు 70 మందికే. మిగతావాళ్ళకి మళ్ళీ ఆపరేషన్ పడింది. నీకిప్పుడు 63. ఈ తేడా దాచిపెట్టి నీకు సలహా చెప్పలేను.

మరి పార్షియల్ ఎందుకంటే, కోత చిన్నది, రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం లాంటి ఇబ్బందులు తక్కువ, తొందరగా లేచి తిరుగుతారు. కాలు మన కాలులాగే ఉందని చాలామంది అంటారు. ఈ దేశంలో 27 ఆస్పత్రుల్లో 528 మందిని తీసుకుని, కొందరికి ఇది, కొందరికి అది చేసి అయిదేళ్ళు గమనించారు. 2019లో ఫలితం వచ్చింది. నొప్పి తగ్గడంలో, నడకలో రెండూ దాదాపు సమానం. ఖర్చు పార్షియల్‌కే తక్కువైంది. అందుకని లోపలివైపు మాత్రమే అరిగినవాళ్ళకి రెండు దారులూ చెప్పి, ఎంచుకునే అవకాశమివ్వాలని 2020లో ఇక్కడి మార్గదర్శకాల్లో రాశారు. నీకు మొదటి ఆస్పత్రిలో ఆ రెండో దారి ఉందనే చెప్పలేదు.

మా వార్డుకొచ్చిన ఒక పెద్దాయనకి పార్షియల్ చేసిన తొమ్మిదేళ్ళకి బయటివైపు కూడా అరిగి టోటల్ చేశారు. బాధపడుతున్నారా అని అడిగాను. ఆ తొమ్మిదేళ్ళూ తోటపని చేసుకున్నానమ్మా అన్నాడు.

నీ ఎక్స్‌రే చూసి నా మనసు కుడికాలికి పార్షియల్ వైపే ఉంది. కానీ నా మాటకంటే మూడు సంగతులు తేలడం ముఖ్యం. నడుమ లిగమెంట్ గట్టిగా ఉందా, కాలిని పక్కకి నొక్కి ఎక్స్‌రే తీస్తే ఆ వంకర సరిపోతోందా, బయటివైపు గుజ్జు పూర్తిగా ఉందా. ఇందులో ఏది తేడా వచ్చినా టోటలే మంచిది, అప్పుడు సందేహం వద్దు. పెద్దత్త రెండు కాళ్ళకీ టోటలే చేయించుకుని గుడికి నడిచి వెళ్తోంది కదా. ఆవిడకి వచ్చింది కీళ్ళవాతం, అది మోకాలంతా తినేస్తుంది. ఆవిడకి పార్షియల్ చేసే వీల్లేదు. ఆవిడతో నిన్ను పోల్చుకోవద్దు.

డాక్టరుగారిని ఇంకొకటి అడగాలి: ఏడాదికి ఎన్ని పార్షియల్‌లు చేస్తారని. మొహమాటపడకు. అరుదుగా చేసేవాళ్ళ చేతుల్లో ఇది మళ్ళీ తెరవాల్సి రావడం ఎక్కువ. ఆయన టోటల్‌లే ఎక్కువ చేస్తానంటే, ఆయన చేత టోటలే చేయించుకుందాం, లేదా పార్షియల్ అలవాటున్న ఇంకొకరిని వెతుకుదాం. ఖర్చుకి నాన్న కంగారుపడక్కర్లేదు. మోకాలి ఇంప్లాంట్లకి, అంటే లోపల పెట్టే ఆ తొడుగులకి, 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని తమ్ముణ్ణి అడగమను.

ముగ్గు సంగతి కూడా చెప్పాలి. ఏది చేయించుకున్నా మునుపటిలా గొంతుకు కూర్చుంటావని మాటివ్వలేను. పార్షియల్‌లో కాలు కాస్త ఎక్కువ వంగే అవకాశం ఉంది, అంతే. చిన్న పీట మీద కూర్చుని వేసుకుందువుగాని. దొడ్లో మాత్రం ఎత్తు సీటు పెట్టించాల్సిందే.

ఎడమకాలిని ఇప్పుడెవరినీ ముట్టుకోనివ్వకు. దానికి వ్యాయామం చాలు. మంచం మీద కాళ్ళు చాపి, మోకాలి కింద తువాలు చుట్టి పెట్టి, కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టు. పొద్దున పది, సాయంత్రం పది, రెండు కాళ్ళకీ. ఆపరేషన్‌కి ముందు తొడలో బలం ఉంటే తర్వాత నా పని సగం తగ్గుతుంది. షుగర్ మాత్రలు మానకు, అది అదుపులో లేకపోతే పుండు మానదు.

తేదీ ఖాయమవగానే చెప్పు. మూడు వారాల సెలవు అడిగి పెట్టుకున్నాను. నిన్ను మొదటిరోజు లేపి నడిపించేది నేనే. మేడమెట్ల పక్కన కడ్డీ వేయిస్తానన్నారు నాన్న, వేయించారా?

నీ బుజ్జి