మూడు నెలల తర్వాత తేలిన ఛాంపియన్

సంపాదకుడు గారికి,

పోయిన శనివారం మీ ఆటల పేజీలో అడుగున, ఫుట్‌బాల్ ఐ-లీగ్ విజేత ఇంటర్ కాశీ జట్టేనని తీర్పు వచ్చిందంటూ నాలుగు లైన్ల వార్త వేశారు. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 6న ఆఖరి మ్యాచ్‌లు అయిపోయాయి. జూలై 18న స్విట్జర్లాండ్‌లో ఉన్న క్రీడల కోర్టు చెబితే గానీ మన దేశంలో రెండో అంచె లీగ్ ఎవరు గెలిచారో మనకు తెలియలేదు! పన్నెండు జట్లు, ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు, శ్రీనగర్ చలి నుంచి గోవా ఉక్కపోత దాకా తిరిగి ఆడారు కుర్రాళ్లు. జనవరిలో ఇంటర్ కాశీతో మ్యాచ్‌లో నామ్‌ధారి జట్టు ఆడకూడని ఆటగాణ్ణి దించిందా లేదా అన్నది ఒక్క రిజిస్టర్ తెరిచి చూస్తే తేలిపోయే విషయం. దాన్ని ఒక కమిటీ ఒకలా చెప్పి, దానిపై కమిటీ ఇంకోలా చెప్పి, నెలల తరబడి నాన్చారు. ఏప్రిల్‌లో గోవా జట్టు చర్చిల్ బ్రదర్స్‌ని విజేతగా ప్రకటించి ట్రోఫీ కూడా చేతిలో పెట్టేశారు. ఇప్పుడది వాళ్లది కాదంటున్నారు. ఆ ట్రోఫీ ఎత్తుకుని ఫొటో దిగిన కుర్రాళ్లకు ఏం సమాధానం చెబుతారు?

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో స్కేలు పెట్టి గీతలు గీసుకుని సీజనంతా పాయింట్ల పట్టిక రాసుకున్నాడు. చర్చిల్ 40, కాశీ 39. నామ్‌ధారి మ్యాచ్ మూడు పాయింట్లు కాశీకే అనుకుని ఆ 39ని కొట్టేసి 42 అని రాశాడు, మళ్లీ కొట్టేశాడు, మళ్లీ రాశాడు. కాగితం అక్కడ చిరిగిపోయింది. "నాన్నా, ఇంతకీ ఎవరు గెలిచారు?" అని వాడు అడిగితే మూడు నెలలు నా దగ్గర జవాబు లేదు.

ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోవద్దు. మన హైదరాబాద్ జట్టు శ్రీనిధి దక్కన్ ఈ లీగ్‌లోనే ఆడుతోంది. 2022-23లోనూ, ఆ మరుసటి సీజన్‌లోనూ రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ పైలీగ్‌కి వెళ్లే అవకాశం గుమ్మం దాకా వచ్చి తప్పిపోయింది. వాళ్ల ఆట చూద్దామని మెహిదీపట్నంలో చిలుకూరు బస్సెక్కి అజీజ్‌నగర్ వెళితే, గ్యాలరీలో జనం ఎంత పలచగా ఉంటారంటే గోల్‌కీపర్ డిఫెండర్లని పేరు పెట్టి పిలిచే కేకలు కూడా మనకి వినబడతాయి. మ్యాచ్ ఉందన్న సంగతే ఊళ్లో ఎవరికీ తెలియదు మరి.

ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఊరండీ ఇది. ఆయన తయారుచేసిన హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచి తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం, రెండూ ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే. సికింద్రాబాద్ గల్లీల్లో ఆడి పెరిగిన తులసీదాస్ బలరాం రెండు జట్లలోనూ ఉన్నాడు. 2023లో బలరాం పోయారు. మా వాడి క్లాసులో ఒక్కరికీ ఆ పేరు తెలియదట. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో రాష్ట్రాల జట్ల ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగిందన్న సంగతీ తెలియదు. ఐపీఎల్ వేలంలో ఎవరు ఎన్ని కోట్లకు అమ్ముడుపోయారో మాత్రం అందరూ గడగడా చెప్తారు. తప్పు పిల్లలది కాదు, వాళ్ల కంటికి ఏది కనబడితే అదే నేర్చుకుంటారు.

2025 జూలైలో పైనున్న లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కూడా ఆపేశామన్నారు. దాన్ని నడిపే సంస్థతో ఒప్పందం గడువు 2025 డిసెంబర్‌తో అయిపోతుందని ఫుట్‌బాల్ సమాఖ్యకు ముందే తెలుసు కదా? ఏళ్ల తరబడి ఏం చేస్తున్నట్టు? ఆటగాళ్లకు అద్దెలు, ఈఎంఐలు ఉండవా? వచ్చే సీజన్ నుంచి ఫిర్యాదు ఏదొచ్చినా తర్వాతి మ్యాచ్ లోపే తేల్చేలా గడువు పెట్టాలి. గడువు దాటితే ఆ కమిటీ వాళ్లే బాధ్యత వహించాలి.

మిమ్మల్ని అడిగేది ఒకటే. శ్రీనిధి మ్యాచ్ ఇక్కడ ఉన్నప్పుడు ఎన్ని గంటలకో, టికెట్ ఎక్కడ దొరుకుతుందో ముందు రోజు సిటీ పేజీలో రెండు లైన్లు వేయండి.

– ఒక పాఠకుడు, మెహిదీపట్నం