తెలుగు సంఘం వార్షిక నివేదిక 2024–25, పర్లాకిమిడి

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు, ఇంత ఎండలోనూ వచ్చిన ఆడపడుచులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసిన ఊరు మనది. పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి 161వ జయంతి, కార్తీక వనభోజనాలు యథాప్రకారం జరిగాయి. వనభోజనాలకి వచ్చినవాళ్ళలో నాలుగో వంతు మంది ఆదివారం తెలుగు తరగతికి సాయం వచ్చి ఉంటే ఈ నివేదిక ఇంకో పేజీ పెరిగేది.

ఈ ఏడాది ఎక్కువగా చెప్పాల్సింది ఆ తరగతి గురించే. బాలల దినోత్సవం రోజు పంచిన సంచుల దగ్గర మొదలైంది. ఆడపిల్లలకి గులాబీ రంగు సంచిలో వంటసామాను బొమ్మలు, అద్దం, దువ్వెన. మగపిల్లలకి నీలం సంచిలో కారు, బంతి. కొనిచ్చిన దాతలు మంచి మనసుతోనే ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. అయితే ఒక పాప బంతి కోసం ఏడుపు లంకించుకుంది. నాలుగేళ్ళ గుంటడొకడు నీలం సంచి వెనక్కిచ్చి గులాబీది అడిగితే తోటి పిల్లలు నవ్వారు. పిల్లలు నవ్వారంటే సరే, పెద్దలు కూడా నవ్వారు. వాడు మళ్ళీ అడగలేదు.

తర్వాత కార్యవర్గంలో చాలాసేపు వాదన నడిచింది. ‘అనాదిగా వస్తున్నదే కదా’ అన్నారు కొందరు. అనాదిగా ఏమీ రాలేదు. అమెరికాలో 1918లో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి గులాబీ మగపిల్లలకి, నీలం ఆడపిల్లలకి అని రాసింది. గులాబీ గట్టి రంగట, నీలం సుకుమారమట. అంతకుముందు అక్కడ పసివాళ్ళందరికీ తెల్ల గౌన్లే, ఉడకబెట్టి ఉతుక్కోవచ్చని. ఇప్పుడు మనం చూస్తున్న వరస రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుదురుకుంది. 1980ల్లో పుట్టకముందే ఆడో మగో తెలిసే స్కానింగులు వచ్చాక అక్కడి షాపులకి పండగే. మన దేశంలో ఆ సంగతి చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా సీమంతం స్టేజీకి రెండు రంగుల బెలూన్లు కట్టి ‘బాబా? పాపా?’ అని బోర్డు పెడుతున్నాం. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డని చుట్టేది మెత్తబడిన పాత చీర ముక్కలోనే. అమ్మమ్మ చీర ఏ రంగైతే బిడ్డదీ అదే రంగు. బుగ్గన దిష్టి చుక్క ఎవరికైనా నలుపే.

చివరికి తీర్మానం చేశాం. సంఘం ఇచ్చే బహుమతులన్నీ ఒకే రకం సంచుల్లో ఉంటాయి, బొమ్మలు బల్ల మీద పెడతాం, పిల్లలు ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుంటారు. అంతే. గులాబీ రంగుని సంఘం నిషేధించిందని వాట్సాప్‌లో పెట్టిన మిత్రులు తీర్మానం ఒకసారి చదవగలరు. గులాబీ గౌనే కావాలన్న పిల్లకి గులాబీ గౌనే కొనండి, మాకేం అభ్యంతరం లేదు.

ఇక సంక్రాంతి బొమ్మల కొలువు. ఇది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం. కొలువంటే ఆడపిల్లల వ్యవహారమని మగపిల్లల్ని బంతాటకి తోలేయడం అలవాటు. ఈసారి మెట్లు కట్టడం దగ్గర్నుంచి పేరంటాళ్ళకి పసుపు కుంకుమ అందించేదాకా ఇద్దరి చేతా చేయించాం. పై మెట్టు మీద మన ఊళ్ళో పశువుల కొమ్ముతో చేసే బొమ్మలు, కింద ఏటికొప్పాక లక్కపిడతలు. అంకుడు కర్రతో చేసిన ఆ పిడతలకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పక్కపక్కనే ఉంటాయి, ఎవరివి ఏవని ఎవరు చెప్పగలరు? మగపిల్లలు ఉత్తుత్తి పొయ్యి పెట్టి ఇసకతో పులిహోర వండి అతిథులందరి చేతా తినిపించినంత పని చేశారు.

అన్నిటికంటే జనం మూగింది గోడ దగ్గర. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి పరికిణీ కట్టి, పూలజడ వేసి, వెనక అద్దంలో జడ కనపడేలా స్టూడియోలో ఫోటో తీయించే అలవాటు మన ఇళ్ళలో ఉండేది కదా. ఆ పాత ఫోటోలు తెమ్మని సభ్యుల్ని అడిగాం. బీరువాల అడుగునుంచి ఎన్ని వచ్చాయో! ఇప్పుడు గుబురు మీసాల్తో తిరిగే పెద్దలంతా గోడ మీద వంకీలు, వడ్డాణాలతో నవ్వుతున్నారు. కోశాధికారి గారి ఫోటో ముందు సెల్ఫీలకి క్యూ కట్టారు. గులాబీ సంచి అడిగిన పిల్లాణ్ణి చూసి నవ్వినవాళ్ళ ఫోటోలు కూడా అందులో ఉన్నాయి, పేర్లు చెప్పను. కొలువు చూడ్డానికి వచ్చిన ఒడియా ఇరుగుపొరుగులు తమ ప్రథమాష్టమి పండగ గురించి చెప్పారు. మొదట పుట్టిన బిడ్డ ఆడైనా మగైనా మేనమామ ఇంటినుంచి కొత్త బట్టలు వస్తాయి, హారతి పడతారు. మన పిల్లలకి అది బాగా నచ్చింది, మేనమామలకి ఎలా ఉందో తెలియదు.

తరగతి గోడ పటాలు కూడా మార్చాం. పాత పటంలో అమ్మ వంట చేస్తుంటే నాన్న పేపరు చదువుతాడు. 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పుస్తకంలో నాన్న కొబ్బరి కోరుతున్న బొమ్మ వేయించిందని చదివి, మన డ్రాయింగు మాస్టారు కత్తిపీట ముందు నాన్నని కూర్చోబెట్టారు. ఒక మామ్మగారు చూసి ‘ఏటి బాబూ, మొగోడు కత్తిపీట కాడ కూకున్నాడేటి?’ అన్నారు. పక్కావిడ ‘పెళ్ళిళ్ళలో వండేవోళ్ళంతా మొగోళ్ళే కదేటమ్మా’ అన్నారు. ఇద్దరికీ ధన్యవాదాలు.

చెప్పక తప్పనివి కొన్ని. హాలు ఇస్తామని మాటిచ్చిన ఆఫీసువారు కొలువు ముందురోజు సాయంత్రం తాళం ఇవ్వలేదు. ఉన్నపళంగా ఒక సభ్యుడి ఇంటి వరండాలోకి మెట్లు మోశాం. ముఖ్య అతిథి గారి కోసం పిల్లలు రెండు గంటలు పూలదండతో నిలబడ్డారు. ఆయన రాలేదు, ఫోను ఎత్తలేదు. ఇక వాలంటీర్లు: గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినంత సులువు కాదండీ, పొద్దున ఏడింటికి వచ్చి చాపలు పరవడం. ఆదివారం తరగతి మోస్తున్నది ముగ్గురు ఆడవాళ్ళే. మగపిల్లలకి పనులు నేర్పాలనే మగవాళ్ళలో ఒక్కరైనా వచ్చి చాప ఎత్తితే పిల్లలకి వేరే పాఠం అక్కర్లేదు.

జమాఖర్చులు ఆడిటు అయ్యాయి. ప్రతులు మీ కుర్చీల మీద ఉన్నాయి. కొంచెం లోటుంది, చందా బకాయిలు వస్తే తీరిపోతుంది. వివరాలు కోశాధికారి గారిని అడగండి, ఫోటో గురించి కాదు.

కొలువుకి వరండా ఇచ్చిన కుటుంబానికి, బొమ్మలు ఎరువిచ్చిన పేరంటాళ్ళకి, పాతపట్నంనుంచి మెట్ల బల్లలు పంపిన మిత్రులకి, పులిహోర, చలిమిడి చేసిన వారికి, ఫోటోలు స్కాన్ చేసిపెట్టిన కుర్రాళ్ళకి, మైకు ఉచితంగా ఇచ్చినాయనకి, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకి పేరుపేరునా కృతజ్ఞతలు.

మీరు తెచ్చిన ఫోటోలలో కొన్ని ఎవరివో తెలియక నా దగ్గరే ఉన్నాయి. సభ అయ్యాక చూసుకుని తీసుకెళ్ళగలరు. లక్కపిడతల సెట్టు ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉందో వచ్చే ఆదివారం తరగతికి పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి