ఉస్మానియా పాత భవనానికి తాళం వేసి వదిలేయకండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగులకు మంచి వార్డులు కావాలి, అందులో రెండో మాట లేదు. నా బెంగంతా అఫ్జల్‌గంజ్‌లో మిగిలిపోయే పాత భవనం గురించే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా ఆ వరదకే పోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. అంత జరిగాక కూడా, ఏడో నిజాం హయాంలో అదే ఒడ్డున ఇంత పెద్ద దవాఖానా లేపారు. దానికి రూపమిచ్చిన విన్సెంట్ ఎష్ అంతకుముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసినవాడు. సిటీ కాలేజీనీ, జైపూర్ శంకర్‌లాల్ నక్షా గీసిన హైకోర్టునూ కట్టించింది ఈ ఎషే. నయాపూల్ మీద నిలబడితే ఒక ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున దవాఖానా గుమ్మటాలు కనిపిస్తాయి. ఇందులో ఒకటి పోతే రెండోది ఒంటరిదైపోతుంది. అందుకే దీన్ని ఒక్క ఆసుపత్రి సమస్యగా చూడొద్దని నా మనవి.

2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాయి. ఆ నెలలోనే రోగులను తరలించి భవనం మూసేశారు. మనిషి తిరగని ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పైకప్పు పగుళ్లలో రావి మొక్క వేరు దిగితే చాలు, నీటికి దారి దొరికినట్టే. ఇది సున్నంతో కట్టిన భవనం. సున్నం గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి పెచ్చులు ఊడతాయి. రిపేరు పేరుతో సిమెంటు పూయడం వదిలేసినంత నష్టమే.

కాబట్టి వానాకాలానికి ముందే మొక్కలు వేళ్లతో సహా తీయించి, పైకప్పు లీకులు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలతో ఆపించండి. మిగతా పనులు దశలవారీగా చేసుకోవచ్చు. రిపేరు అయ్యాక దీన్ని హోటలుగానో ఆఫీసులుగానో మార్చకండి. కనీసం ఒక భాగంలోనైనా ఓపీ నడపండి. ఇది పేదవాడి దవాఖానాగా కట్టింది, పేదవాడు చీటీ పట్టుకుని ఆ మెట్లెక్కే హక్కు ఉండాలి. పనులు ఎప్పుడు మొదలవుతాయో తేదీ చెప్పండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు