మంత్రిగారూ, చిమ్మట జంతువు కాదా?

న్యూజిలాండ్ కన్సర్వేషన్ శాఖ మంత్రిగారికి,

ఆక్లాండ్‌లో స్థిరపడిన ఒక తెలుగువాడు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

మన వంద డాలర్ల నోటు తిప్పి చూడండి. ముందు శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్, వెనక మోహువా పిట్ట, దానితోపాటు దక్షిణ దీవి లైకెన్ చిమ్మట. అన్నింటికన్నా పెద్ద నోటు మీద చిమ్మటను అచ్చేసుకున్నాం, సంతోషం. కానీ 1953 నాటి వైల్డ్‌లైఫ్ చట్టం లెక్కలో చిమ్మట జంతువే కాదు. పక్షులు, బల్లులు, కప్పలు వాటంతటవే ఆ చట్టం కిందికి వస్తాయి. పురుగులు మాత్రం ఆ చట్టం ఏడో షెడ్యూల్లో, అంటే దాని జాబితాలో, పేరు ఎక్కితేనే జంతువులు. మా ఉత్తర దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పూరిరి చిమ్మట పేరు అందులో లేదు.

ఇక్కడి మూలవాసులైన మావోరీలు దీన్ని పెపెటునా అంటారు. ఆకుపచ్చ రెక్కలు. ఆడదైతే విప్పిన రెక్కలు 15 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. దీని గొంగళిపురుగు బతికున్న చెట్టు మానులో ఏడంకె ఆకారంలో సొరంగం తొలుస్తుంది. ముందు అడ్డంగా కాస్త దూరం, తర్వాత నిట్టనిలువుగా కిందికి. గుమ్మానికి పట్టుదారంతో తెర అల్లుకుంటుంది. అది చూడ్డానికి బెరడు మీద గోనెగుడ్డ ముక్క అతికించినట్టుంటుంది, పనిగట్టుకుని వెతికితే తప్ప కనబడదు. గుమ్మం చుట్టూ ఊరే కొత్త బెరడే దాని తిండి. అలా ఐదేళ్ల దాకా గడుపుతుంది. రెక్కలొచ్చాక తినడానికి నోరే ఉండదు. రెండు రోజులు బతికి, ఆడది రెండు వేల దాకా గుడ్లు చల్లి పోతుంది. ఖాళీ సొరంగాల్లో వేటాలనే మిడతజాతి పురుగులు కాపురం పెడతాయి.

ఇది రేపోమాపో అంతరించిపోతుందని నేను గోల పెట్టడం లేదు. ఎవరో పట్టుకెళ్తారన్న భయమూ లేదు. నా టెన్షనల్లా చెట్ల గురించే. 2012లో ఆక్లాండ్ పెరటి చెట్లకున్న సాధారణ రక్షణ తీసేశారు. మానుకు రంధ్రాలు కనబడితే తెగులనుకోవడం తేలిక. రంపం పెడితే ఐదేళ్ల కాపురం ఒక్క పూటలో పోతుంది.

జాబితాలతో ఈ పని అవదు. 1959 తర్వాత కనబడని ఫ్రాస్టెడ్ ఫీనిక్స్ అనే చిమ్మట 2024లో స్టీవర్ట్ దీవికి వచ్చిన ఒక విదేశీ పర్యాటకుడి ఫోటోలో బయటపడింది. ఎక్కడ ఏముందో మనకే తెలియనప్పుడు పేరుపేరునా రాసుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? ఈ దేశపు చిమ్మటల్లో పదింట తొమ్మిది రకాలు మరెక్కడా లేవు. పక్షులకు లాగే వీటికీ ముందు రక్షణ ఇచ్చి, మినహాయింపులుంటే తర్వాత రాసుకోండి.

చట్టం మారడానికి ఏళ్లు పడుతుందంటే ఒప్పుకుంటాను. ఈలోగా మీ శాఖ భూముల్లో చెట్టు కొట్టే ముందు మాను మీద ఆ తెర ఉందేమో చూడాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
ఆక్లాండ్ నివాసి