వార్షిక నివేదిక: కదిలే చిత్రాలు, ఇంటరాక్టివ్ కళల ప్రదర్శనకు సన్నాహాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం ప్రకారం, వీడియో చిత్రాలతోనూ, చూసేవారి కదలికలకు స్పందించే కళాకృతులతోనూ ఒక ప్రదర్శన ఏర్పాటు చేసేందుకు కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువ సమయం వెచ్చించింది. ప్రదర్శన ఇంకా జరగలేదు కనుక ఈ నివేదిక సన్నాహాలకే పరిమితం. పిల్లల చిత్రలేఖన తరగతులు ఎప్పటిలాగే సాగాయి.

ప్రదర్శనకు 'నీడ'ను ఇతివృత్తంగా తీసుకున్నాము. చూసేవారి ఛాయారూపం తెర మీది బొమ్మలతో ఆడుకునే 'వీడియోప్లేస్'ను మైరన్ క్రూగర్ అమెరికాలో 1970ల్లో రూపొందించారు. వెనక దీపం, ముందు తెల్లని బట్ట, మధ్యన తోలుబొమ్మ పెట్టి తెల్లవార్లూ కథ నడిపే విద్య మన దగ్గర అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో అది నేటికీ నిలిచి ఉంది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. తోలుబొమ్మలను అద్దాల పెట్టెలో ఉంచుదామని కొందరు సభ్యులు సూచించినా, వెనక వెలుగు లేని తోలుబొమ్మ సగం బొమ్మేనన్న అభిప్రాయంతో వాటిని తెర వెనకే ఉంచాలని నిర్ణయించాము.

ఇక్కడ ఒక పొరపాటును ఒప్పుకోవాలి. కళాకృతులను ముందు ఎంపిక చేసి, గ్యాలరీ గదులను తర్వాత కొలిచాము. పడమటి కిటికీల నుంచి సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి వస్తుందని రెండోసారి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు. ఆ ఎండలో బొమ్మ వెలవెలబోవడమే కాదు, పరారుణ కాంతితో మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు కూడా తడబడతాయి. కనుక కిటికీలన్నిటికీ దళసరి నల్ల తెరలు కట్టించక తప్పదు.

ప్రొజెక్టర్ల విషయంలో చర్చ చాలాసేపు సాగింది. బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దూరం కోరే మామూలు ప్రొజెక్టర్‌తో 10 అడుగుల బొమ్మ రావాలంటే దాన్ని 15 అడుగుల వెనక పెట్టాలి. జనం నిలబడేది ఆ మధ్యలోనే కనుక అక్కరలేని చోట కూడా వారి నీడలు తెర మీద పడతాయి. వెడల్పులో సగం దూరం చాలనే షార్ట్ త్రో ప్రొజెక్టర్‌ను 5 అడుగుల్లోనే అమర్చవచ్చు. అద్దె ఎక్కువైనా రెండు గదులకు అదే ఖాయం చేశాము. బొమ్మను ఇంకా పెద్దది చేయాలన్న కోరికను మాత్రం మన్నించలేకపోయాము. పొడవూ వెడల్పూ రెట్టింపైతే అదే వెలుగు నాలుగింతల చోటులో పరుచుకుని, కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది.

పక్కపక్క గదుల శబ్దాలు కలగాపులగం కాకుండా ఒక కృతికి హెడ్‌ఫోన్లు పెడుతున్నాము. మరో కృతి, మనిషి కదలికను పసిగట్టే మైక్రోసాఫ్ట్ వారి కినెక్ట్ సెన్సర్‌తో నడుస్తుంది. ఆ సంస్థ దాని తయారీని 2017లో నిలిపివేసింది కనుక, అది చెడిపోతే మార్చడానికి ఇంకొకటి సమకూర్చుకున్నాకే ఆ కృతిని ఖరారు చేస్తాము. ఏ కెమెరా సందర్శకుల ముఖాలను భద్రపరచదని, మిణుకుమిణుకుమనే వెలుగులు మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ఇబ్బంది కలిగించవచ్చని ద్వారం వద్దే తెలుగులో బోర్డు ఉంటుంది.

పాత తెలుగు సినిమా దృశ్యాలు చూపాలన్న ప్రతిపాదనను పక్కన పెట్టాము. మన చట్టం ప్రకారం సినిమాపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. సినిమాకు ఆ గడువు తీరినా, పాట రాసినవారి హక్కు వారి మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. ఈ లెక్కలు తేల్చే తీరిక మనకు లేదు.

జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము. అద్దె పరికరాలకు బీమా, గ్యాలరీ విద్యుత్ సామర్థ్యంపై ఎలక్ట్రీషియన్ ధ్రువీకరణ ఇంకా రావలసి ఉంది. ప్రదర్శన రోజుల్లో తలుపులు తెరవడానికి అరగంట ముందే వచ్చి, ప్రొజెక్టర్లన్నీ వెలిగించి సరిచూడగల సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి